మేరీ, మెర్రీ, మ్యారీ: పేర్లలోని ఇంగ్లిష్ అచ్చులపై మీ ప్రశ్నలు

ఇంగ్లిష్ పేర్లను ఆ భాష మాట్లాడేవాళ్లే ఒక్కొక్కరు ఒక్కోలా ఎందుకు పలుకుతారని ఈమధ్య చాలామంది పాఠకులు రాశారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, కొన్నింటికి పొడుగ్గా, కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబిస్తున్నాను. ముందుగా ఒక చిన్న ఏర్పాటు. కింద ‘యా’ అని రాసినచోట యకారాన్ని విడిగా పలక్కండి, ‘మేక’ అనేటప్పుడు మొదటి అక్షరంలో నోరు వెడల్పు చేసి పలికే అచ్చు ఉంది చూశారా, అదీ. మన లిపిలో దానికి వేరే అక్షరం లేదు కానీ మన నోట్లో ఉంది, కాబట్టి ఇబ్బంది లేదు.

ప్రశ్న: మా ఆన్‌లైన్ మీటింగుల్లో అమెరికా నుంచి ఆరన్ అనే అతనూ, ఎరిన్ అనే ఆమే ఉంటారు. అక్కడి మేనేజర్ ఎవరిని పిలిచినా నాకు ఒకే పేరులా వినిపిస్తుంది. ఎవర్ని అడిగారో తెలియక ప్రతిసారీ టెన్షన్. నా చెవిలో లోపమా?

లోపం ఏమీ లేదండీ, మీరు సరిగ్గానే వింటున్నారు. ఆ మేనేజర్ నిజంగానే రెండు పేర్లనూ ఒకేలా పలుకుతున్నారు, పైగా ఆయన చెవికి కూడా అవి రెండూ ఒకేలా వినిపిస్తాయి, ఎందుకంటే ఆయన పుట్టి పెరిగిన యాసలో ఆ తేడాయే లేదు.

జరిగిందేమిటంటే, ఇంగ్లిష్‌లో ‘ఏ’, ‘ఎ’, ‘యా’ అనే మూడు వేర్వేరు అచ్చులున్నాయి. మిగతా చోట్ల అమెరికన్లు ఈ మూడింటినీ శుభ్రంగా విడదీస్తారు. కానీ వెనకాలే రకారం వచ్చి, ఆ తర్వాత మళ్లీ అచ్చు వస్తే, అమెరికాలో ఎక్కువ ప్రాంతాల్లో ఈ మూడూ కలిసిపోయి ఒకటే ధ్వని అయిపోతాయి. అమెరికన్ రకారం బలమైనది, నాలుకను వెనక్కి లాగి పలుకుతారు, దాంతో ముందున్న అచ్చు రూపం మారిపోతుంది. భాషాశాస్త్రవేత్తలు దీనికి ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ మూడు మాటలు: మేరీ అనే పేరు, పెళ్లి చేసుకోవడమనే మ్యారీ, సంతోషమనే మెర్రీ. తెలుగులో మనం వీటిని మూడు రకాలుగా రాస్తాం కాబట్టి మన చెవి కూడా మూడు ధ్వనుల కోసం ఎదురుచూస్తుంది. అక్కడేమో వచ్చేది ఒక్కటే. హార్వర్డ్‌లో బెర్ట్ వాక్స్ అనే ఆచార్యుడు 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో అమెరికా అంతటా జనం పలుకుబడి మీద ఆన్‌లైన్ సర్వే నడిపారు, అందులో జవాబిచ్చిన వాళ్లలో సగానికి పైగా ఈ మూడు మాటలూ తమకు ఒకటేనని చెప్పారు.

ఈ లెక్కన ఆరన్, ఎరిన్ మాత్రమే కాదు, క్యారీ అనే ఆమె పేరూ కెర్రీ అనే ఆమె పేరూ ఒకటే అయిపోతాయి. బ్యారీ అన్న పేరుకీ బెర్రీ పండుకీ తేడా ఉండదు. హ్యారీ అన్న పేరు, ఒళ్లంతా వెంట్రుకలున్నవాడని చెప్పే హెయిరీ అన్న మాటా ఒకటైపోతాయి, పాపం హ్యారీలు చిన్నప్పుడు బళ్లో ఎంత పడి ఉంటారో!

అయితే ఇది అమెరికా అంతటా లేదు. న్యూయార్క్‌లో, బోస్టన్ చుట్టుపక్కల, పాత తూర్పు తీరపు నగరాల్లో పెద్దవాళ్ల నోట ఈ తేడా ఇంకా వినిపిస్తుంది. కెనడాలో దాదాపు అందరూ కలిపేస్తారు కానీ మాంట్రియల్‌లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు మ్యారీని, మెర్రీని విడదీస్తారు. ఫిలడెల్ఫియాది మరీ వింత, అక్కడి పాత యాసలో మెర్రీ అన్న మాట వెళ్లి మర్రే అన్న మగవాళ్ల పేరుతో కలిసిపోయింది, దేశంలో మిగతావాళ్లెవరూ కలపని జంట అది. బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్లకు మాత్రం మేరీ, మ్యారీ, మెర్రీ మూడూ మూడే. వాళ్లు ఆరన్ పేరును కొందరు ‘యారన్’ అనీ కొందరు ‘ఏరన్’ అనీ అంటారు, ఎరిన్‌తో మాత్రం కలవనివ్వరు.

ఇక మీ మీటింగ్ సంగతి. అమెరికన్లు కూడా ఇలాంటి చోట ఇంటిపేరో, ఇంటిపేరులోని మొదటి అక్షరమో కలిపి పిలుచుకుంటారు. మీరు కూడా నిస్సంకోచంగా “ఏ ఆరన్?” అని అడగండి, అది వాళ్లకు అలవాటైన ప్రశ్నే.

ప్రశ్న: డాన్ మగవాళ్ల పేరా, ఆడవాళ్ల పేరా? రెండు రకాలుగానూ చూశాను.

రెండు వేర్వేరు పేర్లండీ, తెలుగులో మనం ఒకేలా రాస్తున్నాం. ఒకటి డొనాల్డ్‌ను కుదించిన మగవాళ్ల పేరు, రెండోది తెల్లవారుజాము అని అర్థం వచ్చే ఆడవాళ్ల పేరు. ఇంగ్లండ్‌లో ఈ రెండూ కలిసే ప్రశ్నే లేదు: మగపేరు పొట్టిగా ‘డొన్’కు దగ్గరగా, ఆడపేరు పెదాలు గుండ్రంగా చేసి సాగదీసి ‘డోన్’కు దగ్గరగా ఉంటుంది. న్యూయార్క్, ఫిలడెల్ఫియా వాళ్లు కూడా విడదీస్తారు. కెనడా, అమెరికా పశ్చిమ రాష్ట్రాలు, పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల, బోస్టన్ వైపు మాత్రం రెండూ ఒకటే. స్కాట్లండ్‌లో కూడా చాలామంది కలిపేస్తారు.

కలిసిపోవడంలో కూడా అందరిదీ ఒకే దారి కాదు, నాకు బాగా నచ్చే విషయం ఇది. కాలిఫోర్నియా వాళ్లు రెండింటినీ ‘డాన్’ వైపు తెచ్చారు, బోస్టన్ వాళ్లు రెండింటినీ పెదాలు గుండ్రంగా పెట్టి ‘డోన్’ వైపు తెచ్చారు. షికాగో, డెట్రాయిట్, క్లీవ్‌లండ్, బఫలో వంటి పెద్ద సరస్సుల ఒడ్డు నగరాల్లో రెండూ విడిగానే ఉన్నాయి కానీ అక్కడి పాత యాసలో డాన్ ముందుకు జరిగి ‘డ్యాన్’లా వినిపిస్తుంది, అంటే డానియల్‌ను కుదించిన పేరులాగా. మరి అసలు డ్యాన్‌లు ఏమయ్యారు అంటే, ఆ యాసలో ‘యా’ కూడా పైకి జరిగిపోయింది, ఆన్ అనే ఆమె పేరు ‘ఇయన్’ అనే మగపేరులా వినిపిస్తుంది. ఒక అచ్చు కదిలితే ఖాళీ అయిన చోటులోకి పక్క అచ్చు జరుగుతుంది, అలా గొలుసులా అన్నీ కదిలాయి. విలియం లాబోవ్, షారన్ యాష్, చార్లెస్ బోబర్గ్ కలిసి 2006లో అచ్చువేసిన ఉత్తర అమెరికా ఇంగ్లిష్ పటాల పుస్తకంలో ఈ గొలుసు మార్పును వివరంగా చూపించారు. ఇప్పటి యువతరం మాత్రం ఆ యాసను మెల్లగా వదులుతోంది.

ప్రశ్న: బ్రిటన్ ఆఫీసులో అందరూ గ్రేయమ్ అని పిలిచే మనిషిని అమెరికా ఆఫీసు వాళ్లు గ్ర్యామ్ అంటారు, బరువు కొలిచే గ్రామ్ లాగా. క్రేగ్‌ను క్రెగ్ అంటారు. ఎవరిది రైట్? నేను ఎవర్ని అనుసరించాలి?

ఎవరిది రైట్ అని కాకుండా, అది ఎవరి పేరు అని అడగండి.

కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ సంచికలోని ప్రశ్నలన్నింటికీ కీలకం ఇక్కడే ఉంది. పేర్లలో అచ్చుల తేడాలు రెండు రకాలు. మొదటిది యాస తేడా: పై జవాబుల్లో చూసినట్టు, మనిషి నోట్లో ఆ అచ్చే లేదు, లేదా ఉన్నా వేరే రూపంలో ఉంది. దాన్ని మార్చమని ఎవర్నీ అడగలేం. రెండోది ఎంపిక తేడా: మాట్లాడేవాడి దగ్గర రెండు అచ్చులూ ఉన్నాయి, అలవాటు కొద్దీ ఒకదాన్ని వాడుతున్నాడు. అమెరికన్‌కు ‘గ్రేయమ్’ అనడం చేతకాక కాదు, ‘ప్లేయర్’ అంటాడు కదా, ‘ఏ’ తర్వాత ఇంకో అచ్చు పలకడం అతనికేమీ కష్టం కాదు. ఆ పేరును వాళ్ల ఊళ్లో అలా అంటారు కాబట్టి అలా అన్నాడు, అంతే. ఈ రెండో రకంలో పేరు ఎవరిదో వాళ్ల మాటే చెల్లాలి. మీ గ్రేయమ్ బ్రిటన్ మనిషి అయితే అమెరికా ఆఫీసు వాళ్లు కూడా గ్రేయమ్ అనే పిలవాలి. అదే అమెరికాలో పుట్టిన గ్ర్యామ్ అయితే బ్రిటన్ వాళ్లు ఆయన్ను గ్ర్యామ్ అనాలి.

దీనికి మంచి ఉదాహరణ కోలిన్ పావెల్, 2001 నుంచి 2005 వరకు అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన ఆయన. తల్లిదండ్రులు జమైకా నుంచి వలస వచ్చినవాళ్లు, ఇంట్లో బ్రిటిష్ పద్ధతిలో పొట్టి అచ్చుతో ‘కొలిన్’ అనే పిలిచేవారు. 1941 డిసెంబర్‌లో అమెరికా యుద్ధంలోకి దిగిన తొలి రోజుల్లోనే కోలిన్ కెల్లీ అనే పైలట్ చనిపోయి దేశమంతా వీరుడిగా మారుమోగాడు, ఆయన పేరును దీర్ఘంగా ‘కోలిన్’ అనేవాళ్లు, దాంతో వీధిలో పిల్లలు ఈ అబ్బాయిని కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు, అదే నిలిచిపోయింది. కాబట్టి ఆయన్ను ‘కోలిన్’ అనాలి, బ్రిటన్‌లోని కొలిన్‌లను ‘కొలిన్’ అనాలి, అక్షరాలు ఒకటే అయినా సరే.

ఊనిక ఎక్కడ వేస్తారన్న దాన్ని బట్టి కూడా అచ్చు మారుతుంది. బ్రిటన్‌లో ‘బర్నర్డ్’ అని మొదటి అక్షరం మీద బరువు వేస్తే, అమెరికాలో ‘బర్నార్డ్’ అని రెండోదాని మీద వేస్తారు. బ్రిటన్‌లో ‘మొరిస్’ అయిన ఆయన అమెరికాలో ‘మొరీస్’ అవుతాడు. ఒకే దేశంలో కూడా ఇలాంటివి ఉన్నాయి: రాల్ఫ్ అని రాసే పేరును ఇంగ్లండ్‌లో కొన్ని కుటుంబాలు పాత పద్ధతిలో ‘రేఫ్’ అంటాయి, సంగీతకర్త వాన్ విలియమ్స్, నటుడు ఫైన్స్ ఇద్దరూ రేఫ్‌లే. ఐర్లండ్‌లో ‘షాన్’ అనే పేరు ఉత్తరాన ఉల్‌స్టర్ యాసలో వేరే అచ్చుతో పలికేవారు, దాన్నే ఇంగ్లిష్‌లో రాసుకుంటే ‘షేన్’ అయింది. యాస తేడా కాస్తా ఇప్పుడు రెండు వేర్వేరు పేర్లుగా స్థిరపడిపోయింది.

బీబీసీ 1926లోనే మాట్లాడే ఇంగ్లిష్ మీద సలహా కమిటీ పెట్టుకుంది, అనౌన్సర్లకు పలుకుబడి చెప్పడానికి ఈనాటికీ అక్కడ ప్రత్యేక విభాగం ఉంది. మనుషుల పేర్ల దగ్గర వాళ్లు పాటించే పద్ధతి కూడా ఇదే, ఆ మనిషి తన పేరును ఎలా పలుకుతారో అలా.

ప్రశ్న: వీడియోలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తుంటాను. ఫ్రాన్సిస్ అనాలా, ఫ్ర్యాన్సిస్ అనాలా? ఇంగ్లండ్‌లోనే ఇద్దరు రెండు రకాలుగా అంటే ఏం రాయాలి?

మీరు విన్నది నిజమే, ఆ గీత ఇంగ్లండ్ మధ్యలోంచి వెళ్తుంది. లండన్ వైపు ఫ్రాన్సిస్, గ్రాంట్, అలెగ్జాండర్ లాంటి పేర్లలో నోరు బాగా తెరిచి దీర్ఘంగా ‘ఆ’ అంటారు. లీడ్స్, మాంచెస్టర్ వైపు అవే పేర్లు పొట్టి అచ్చుతో పలుకుతారు. అమెరికన్లది ‘యా’. చరిత్రలో చూస్తే పొట్టి అచ్చే పాతది, దక్షిణాది వాళ్లు 18వ శతాబ్దం నుంచి సాగదీస్తూ వచ్చారు, కాబట్టి ఉత్తరాది వాళ్లది మోటు పలుకుబడి అనుకోవడం అన్యాయం. ఇంకో తేడా కూడా మీ చెవికి తగిలే ఉంటుంది, ఉత్తర ఇంగ్లండ్‌లో రస్సెల్‌ను ‘రుస్సల్’ అని, డంకన్‌ను ‘డుంకన్’ అని అంటారు. అక్కడా పాతది ‘ఉ’కారమే, స్పెల్లింగ్‌లో ఇంకా అలాగే ఉంది.

రాసేటప్పుడు నా సలహా: తెలుగులో ఇప్పటికే కుదురుకున్న రూపం ఉంటే అదే ఉంచండి. ఫ్రాన్సిస్, అలెగ్జాండర్, రస్సెల్ అంటే చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది, పాత్ర లీడ్స్ మనిషి కదా అని రుస్సల్ అని రాస్తే అది వేరే పేరనుకుంటారు. యాసను స్పెల్లింగ్‌లో పట్టుకోవాలని చూడొద్దు. ఎంపిక తేడాను మాత్రం తప్పకుండా పట్టుకోండి. ఒక ఆనా తనను ‘యానా’ అని పరిచయం చేసుకుంటే ‘యానా’ అనే రాయాలి, ఇంకొకామె ‘ఆనా’ అంటే ‘ఆనా’. టారా, ఆండ్రియా, మేగన్ కూడా ఇలాంటి పేర్లే, అమెరికాలో ఒకే స్పెల్లింగ్‌తో ఇద్దరు ఆడవాళ్లు రెండు అచ్చులు వాడుకుంటారు, అందులో ఏదీ తప్పు కాదు. వీడియోలో ఆ మనిషి తన పేరు తానే చెప్పుకున్న చోటు వెతికి వినండి, పక్కవాళ్లు పిలిచింది కాదు.

ప్రశ్న: న్యూజీలండ్ కస్టమర్ ఫోన్‌లో బిన్ అన్నాడు, అలాగే రాశాను. తీరా చూస్తే బెన్. అమెరికా దక్షిణాది కస్టమర్ కూడా ఇలాగే అన్నాడు. ఇదేం యాస?

రెండూ వేర్వేరు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నకార, మకారాల ముందు మాత్రమే ‘ఎ’ వెళ్లి ‘ఇ’తో కలుస్తుంది. బెన్ ‘బిన్’ అవుతాడు, జెన్నీ ‘జిన్నీ’ అవుతుంది, కానీ టెడ్, బెత్ అలా కారు. దక్షిణాది నుంచి వలస వెళ్లినవాళ్ల వల్ల కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో కూడా ఇది వినిపిస్తుంది.

న్యూజీలండ్‌లో అచ్చు మొత్తంగా పైకి జరిగింది, కాబట్టి టెడ్ కూడా ‘టిడ్’లా, బెత్ ‘బిత్’లా వినిపిస్తారు. ‘యా’ వచ్చి ‘ఎ’ చోట కూర్చుంది, ప్యాట్ ‘పెట్’ అవుతాడు. ‘ఇ’ వెనక్కి తగ్గి కిమ్ ‘కమ్’కు దగ్గరైంది. క్లేర్ అన్న పేరూ క్లియర్ అన్న మాటా చాలామందికి ఒకటే. ఆస్ట్రేలియా వెళ్తే విక్టోరియా రాష్ట్రంలో కొందరు లకారం ముందు ‘ఎ’ను ‘యా’ చేస్తారు, ఎలెన్ అనే ఆమె అలన్ అనే ఆయనలా వినిపిస్తుంది, మెల్బోర్న్‌ను కూడా ‘మ్యాల్బన్’ అంటారు. ఆస్ట్రేలియా యాస గట్టిగా ఉన్నవాళ్లు కేట్ అంటే మనకు ‘కైట్’ అనిపిస్తుంది, పాత లండన్ యాసలోనూ అంతే.

పేరు రాసుకునే పని అయితే ఊహించకండి, స్పెల్లింగ్ అడగండి. ఆ స్పెల్లింగ్ చెప్పేటప్పుడు కూడా అచ్చుల దగ్గరే పొరపాటు పడతాం, న్యూజీలండ్ వాళ్లు ‘ఎ’ అక్షరం అన్నారా ‘ఇ’ అన్నారా అని అనుమానం వస్తే ఏదైనా మాట ఆనవాలు చెప్పమనండి.

ప్రశ్న: నా పేరులో అచ్చును అందరూ పాడుచేస్తారు. సరిచేస్తే మర్యాదగా ఉంటుందా? ఎలా చెప్పాలి?

తప్పకుండా సరిచేయండి, అందులో అమర్యాద ఏమీ లేదు. పేరు మీది. ఇందాక చెప్పిన రెండు రకాల తేడా మాత్రం గుర్తుంచుకోండి: వాళ్ల దగ్గర ఉన్న అచ్చుల్లోంచి సరైనది ఎంచుకోమని అడగొచ్చు, వాళ్ల దగ్గర లేని అచ్చును తెమ్మని పట్టుబడితే ఇద్దరికీ బాధే. అమెరికన్ నోట పొట్టి ‘ఒ’ మనం పలికినట్టు రాదు, దానికి దగ్గర్లో ఉన్నదాంతో సరిపెట్టుకోవాలి.

ఎలా చెప్పాలన్నదే అసలు చిక్కు. స్పెల్లింగ్ మార్చి చూపిస్తే ఎవరి యాసలో వాళ్లు చదువుకుంటారు. తెలిసిన మాటతో పోల్చి చెప్పడం మంచిది కానీ ఆ మాట కూడా యాసను బట్టి మారకూడదు. కమలా హ్యారిస్ తన పేరు కామా గుర్తులా మొదలవుతుందనీ, దానికి ‘లా’ చేర్చమనీ రాశారు. అమెరికన్ నోట ఆ మాట ‘కామా’ కాబట్టి ‘కామలా’ అని ఆమె కోరుకున్నట్టే వస్తుంది, రెండో అక్షరం మీద బరువు వేసి ‘కమాలా’ అనే పొరపాటు కూడా తప్పుతుంది. అదే సూచన లండన్ వాళ్లకు ఇస్తే, వాళ్ల నోట ఆ గుర్తు పేరు ‘కొమ’ కాబట్టి ‘కొమలా’ అంటారు. సూచన మంచిదే, పని చేసేది మాత్రం అమెరికాలో.

జాన్ వెల్స్ అనే బ్రిటిష్ ధ్వనిశాస్త్రవేత్త 1982లో ఇంగ్లిష్ యాసలన్నింటినీ పోల్చడానికి 24 ఆనవాలు మాటలు ఎంచుకున్నారు, ఏ యాసలో పలికినా ఇంకో మాటతో పొరబడకుండా ఉండేవి చూసి మరీ తీసుకున్నారు. మనమూ ఆ పద్ధతే పాటిద్దాం. మీ పేరులో దీర్ఘమైన ‘ఆ’ ఉంటే ‘ఫాదర్’లో ఉన్నట్టు అని చెప్పండి, ఆ మాటలో అచ్చు దాదాపు అన్ని యాసల్లోనూ ‘ఆ’నే. ‘ఈ’కి ‘సీ’, ‘ఊ’కి ‘మూన్’ నమ్మకమైనవి. హ్రస్వమైన ‘అ’కు ‘కప్’ అని చెప్పొచ్చు, అయితే ఉత్తర ఇంగ్లండ్ వాళ్లకు వద్దు, వాళ్లు ‘కుప్’ అంటారు. ‘హాట్’, ‘బాత్’, ‘ఆంట్’ లాంటి మాటల జోలికి అసలు పోకండి, దేశం మారితే అచ్చు మారే మాటలు అవి. అన్నిటికంటే సులువైనది, మీరే రెండుసార్లు నెమ్మదిగా పలికి వాళ్లను తిరిగి అనమనడం.

ప్రశ్న: లెనిన్, లెనన్ పేర్లు ఇంగ్లిష్ వాళ్లకు ఒకటేనా?

కొందరికి ఒకటే. బ్రిటన్ పాత రేడియో తరహా పలుకుబడిలో రష్యా నాయకుడి పేరు చివర ‘ఇ’ ఉంటుంది, బీటిల్స్ గాయకుడి పేరు చివర అస్పష్టమైన ‘అ’ ఉంటుంది. ఆస్ట్రేలియా, న్యూజీలండ్ వాళ్లూ, అమెరికన్లలో చాలామందీ ఊనిక లేని ఆ రెండు అచ్చుల్నీ కలిపేస్తారు. మొదటి ప్రశ్నలోని ఆరన్, ఎరిన్ చివరి అచ్చులు కూడా ఒకేలా వినిపించడానికి కారణం ఇదే.